పెట్టగానే పనిచేసిన కార్డు

డిసెంబరు వచ్చిందంటే ఫిన్లాండులోని ఆ సరస్సు ఒడ్డు ఊళ్ళో మధ్యాహ్నం మూడింటికే పొద్దు గూకుతుంది. వీధి దీపాలు, కిటికీల్లో కాగితపు నక్షత్రాలు, వాటి వెలుతురు పడ్డ మంచు తప్ప ఇంకేమీ కనపడదు. అక్కడ దాన్ని ఎవరూ చీకటి అనుకోరు. కాఫీ పెట్టుకునే వేళ అనుకుంటారు.

ఆ శనివారం ఇల్పో కూడా కాఫీ పెట్టుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాడు. బల్ల మీద పాత పేపరు పరిచి, కంప్యూటర్ని పక్కకి పడుకోబెట్టి, దాని డొక్క విప్పి ఉంచాడు. లోపల కొత్త టీవీ ట్యూనర్ కార్డు ఒకటి గుచ్చి ఉంది. దానికి యాంటెన్నా తీగ తగిలిస్తే టీవీ ప్రసారాలు కంప్యూటర్లోకి రావాలి, రికార్డు కావాలి. పొద్దుటి నుంచీ ఒక్క బొమ్మా రాలేదు.

ఇల్పోకి యాభై దాటాయి. ఊరి గ్రంథాలయంలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగం. పొడుగు మనిషి, పెళ్ళి జోలికి పోలేదు. కళ్ళద్దాల కాడ విరిగితే నల్ల టేపు చుట్టి ఏడాదిగా అలాగే తిరుగుతున్నాడు. కొత్తవి కొనుక్కోవడానికి తీరిక దొరకని ఆ మనిషికి, లినక్స్ అనే, లోపలి రాతంతా ఎవరైనా విప్పి చూసుకోగల కంప్యూటర్ వ్యవస్థ కోసం రాత్రింబవళ్ళు కూర్చోవడానికి మాత్రం ఎక్కడ లేని తీరికా ఉంటుంది. లోపల ఏం జరుగుతోందో తనకి తెలియని యంత్రాన్ని ఇంట్లో పెట్టుకోనని అతని పట్టుదల.

ఆ ఏడాది సెప్టెంబరులో దేశమంతటా పాత రకం టీవీ ప్రసారాలు ఆపేశారు. అన్నీ డిజిటల్ అయిపోయాయి. ఊరంతా సూపర్ మార్కెట్‌కి పోయి తలా ఒక డబ్బా కొనుక్కుని టీవీకి తగిలించుకున్నారు. ఇల్పో ఒక్కడే కొనలేదు.

"ఏరా, డబ్బా కొని మీట నొక్కితే పోయేదానికి నీకీ తంటా ఏమిటి?" అని రౌనో ఎప్పుడూ ఏడిపిస్తుండేవాడు. "నీ పెళ్ళి సంబంధం కూడా ఇలాగే చిప్ నంబరు అడిగి చెడగొట్టుకుని ఉంటావు."

రౌనో ఆ అపార్టుమెంట్ల మంచిచెడ్డలు చూసేవాడు. మెట్ల మీద బల్బు మార్చడం దగ్గర్నుంచి ముంగిట్లో జెండా ఎగరెయ్యడం దాకా అన్నీ అతనివే. ఇల్పోకి ఆ ఊళ్ళో ఉన్న స్నేహితుడు అతనొక్కడే.

ఈసారి మాత్రం ఇల్పో తంటా తన కోసం కాదు, అక్క కోసం. హెల్వి అక్క కింది అంతస్తులో ఉంటుంది. అతనికంటే పదహారేళ్ళు పెద్ద. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. జన్మంతా కుట్టుపని చేసింది. డిసెంబరు ఆరున, స్వాతంత్ర్య దినం సాయంత్రం, అధ్యక్ష భవనంలో విందు జరుగుతుంది. పిలుపు అందినవాళ్ళంతా ఒకరి వెనక ఒకరు వరసగా వచ్చి, అధ్యక్షురాలితో చెయ్యి కలిపి లోపలికి వెళ్తారు. టీవీలో గంటల తరబడి అదే. బయటివాళ్ళకి చెబితే నవ్వుతారు గానీ ఆ వేళ ఆ దేశంలో వీధిలో కుక్క కూడా కనపడదు. హెల్వి ఆ వరసలో ప్రతి గౌను అంచునీ, ప్రతి కుచ్చునీ చూసి తిట్టాల్సినవాళ్ళని తిట్టి మెచ్చాల్సినవాళ్ళని మెచ్చేది. ఆ విందుకి తగ్గట్టు తన కోసం కూడా ఒకటి కుట్టుకుంది, నాచు రంగు మఖమలుతో. ఆవిణ్ణి ఎవరు పిలుస్తారు? అది ప్లాస్టిక్ తొడుగులో అలమారాలో వేలాడుతూ ఉండిపోయింది, ఒక్కసారి కూడా ఒంటి మీదికి రాలేదు.

ఇప్పుడు ఆవిడ గుండె కవాటం పాడైంది. ఔలు నగరం పెద్దాసుపత్రిలో అయిదో తారీఖున ఆపరేషను పెట్టారు.

"విందు రోజుకి నేను మంచం మీద పడి ఉంటాను. నువ్వు రికార్డు చేసి పెట్టరా తమ్ముడూ. అది చూడ్డానికైనా లేచొస్తాను" అంది.

ఆవిడ నవ్వుతూనే అంది. ఇల్పో నవ్వలేకపోయాడు. రికార్డింగు ఉంటేనే అక్క తిరిగొస్తుందని అతని మనసులో ఎక్కడో ఒక ముడి పడిపోయింది. చదువుకున్నవాడు, యాభై ఏళ్ళవాడు, అయినా ఆ ముడి విప్పుకోలేకపోయాడు.

కార్డు కోసం అతను చెయ్యాల్సిందంతా చేశాడు. లినక్స్‌లో టీవీ చూసేవాళ్ళందరూ ఉత్తరాలు రాసుకునే మెయిలింగ్ లిస్టు ఒకటుంది. ఏ కార్డు కొనాలని అక్కడ అడిగాడు. డబ్బా మీది బొమ్మ చూసి మోసపోకు, లోపలి చిప్ పేరు చూసుకో అన్నారు అందరూ. వాళ్ళలో వాళ్ళు చాలా పోట్లాడుకుని చివరికి ఒక కార్డు పేరు చెప్పారు. అదే తెప్పించాడు. తీరా విప్పి చూస్తే అదే డబ్బా, అదే పేరు, లోపల మాత్రం వేరే చిప్. తయారుచేసేవాళ్ళు చడీచప్పుడు లేకుండా మార్చేశారు. జర్మనీలోని బ్రేమెన్ నుంచి డెట్లెఫ్ అనే అతను, ఆ లిస్టుకి పెద్దదిక్కు లాంటివాడు, ఈ కొత్త చిప్‌కి డ్రైవర్, అంటే కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టేలా చేసే ప్రోగ్రాము, రాసేసరికి వేసవి వస్తుందని జాలిగా రాశాడు.

అందుకని ఆ శనివారం, చీకటి పడ్డాక, ఇల్పో ఊరి చివర పాత సామాన్ల కేంద్రానికి నడిచివెళ్ళాడు. జనం వద్దనుకున్న వస్తువులన్నీ అక్కడికే చేరతాయి. తడిసిన ఉన్ని, పాత పుస్తకాల వాసన. కంప్యూటర్ భాగాల సొరుగు నిండా పాత రకం ట్యూనర్ కార్డులే, సెప్టెంబరు తర్వాత ఎవరికీ అక్కర్లేనివి. అన్నిటికీ అడుగున ఒకటి విడిగా కనిపించింది. దాని మీద తయారీదారు పేరు లేదు. చిప్ మీద ఉండాల్సిన అక్షరాలు ఎవరో గీకేసినట్టు నున్నగా ఉన్నాయి. యాంటెన్నా గుచ్చే చోటు మాత్రం కొత్త రకంది. ఎవరు తెచ్చి పడేశారని గల్లాపెట్టె దగ్గరి అమ్మాయిని అడిగితే, ఆ సొరుగు తను చేరకముందు నుంచీ ఉందంది.

చిప్ పేరు లేని కార్డు కొనకూడదు. ఇల్పో కొత్తవాళ్ళకి తనే ఈ మాట వందసార్లు చెప్పి ఉంటాడు. అయినా జేబులో వేసుకున్నాడు.

ఇంటికి వచ్చి గుచ్చి, కంప్యూటర్ ఆన్ చేశాడు.

పెట్టగానే పనిచేసింది.

డ్రైవర్ అడగలేదు. ఒక్క తప్పు చూపించలేదు. దేశంలోని ఛానెళ్ళన్నీ వరసగా దొరికాయి. అన్నిటికీ చివర, పేరుండాల్సిన చోట ఖాళీతో, ఇంకొకటి కూడా దొరికింది. లినక్స్ వాడేవాళ్ళెవరైనా ఇలాంటి కార్డుని చూసి ముందు అనుమానపడాలి. ఇల్పో కూడా ఏ మామూలు రోజైనా అనుమానపడేవాడే. ఆ సాయంత్రం మాత్రం కళ్ళు తుడుచుకున్నాడు. కిందికి పరిగెత్తి అక్కకి చెప్పి, కౌగిలించుకుని, మళ్ళీ పైకి వచ్చాడు.

వచ్చి, ఆ లిస్టు మనుషులందరూ చేసే పనే తనూ చేశాడు. కార్డు పనిచేస్తే లిస్టుకి రాయాలి. రాయకపోతే ఒకరింట్లో కడుపునిండా తిని చెప్పకుండా లేచి వెళ్ళిపోయినట్టు. కార్డు ఏ అమరికలతో నడుస్తోందో, ఏ ఛానెల్ ఎక్కడ దొరుకుతోందో అన్నీ వివరంగా, చివరి పేరు లేనిదానితో సహా, రాసి పంపించాడు. కింద ఒకే మాట పెట్టాడు. పనిచేస్తోంది, మీరూ చూడండి.

ఆదివారం మధ్యాహ్నం హెల్వి టర్నిప్ గడ్డల వంటకం పట్టుకుని పైకి వచ్చింది. మెట్లెక్కేసరికి పెదాలు నీలంగా అయ్యాయి. కళ్ళద్దాలకి ఆ టేపేమిట్రా, నిన్ను చూసి నేను పోయాననుకుంటారు అని కోప్పడింది. మందుల షాపు కబుర్లు చెప్పింది. అక్కడ ఎవరి వంతు వచ్చేదాకా వాళ్ళు నంబరు చీటీ పట్టుకుని నిలబడాలి. హెల్వి తన చీటీ ఎప్పుడూ వెనకాలున్నవాళ్ళకే ఇచ్చేస్తుంది. నాకేం తొందర లేదు, ముందు మీరు కానివ్వండి అని. పావుగంట పని రెండు గంటలు పడుతుందని ఇల్పో విసుక్కుంటే, ఇంట్లో మాత్రం నాకోసం ఎవరెదురు చూస్తున్నారు అంటుంది.

సాయంత్రం ఆవిడ కిందికి వెళ్ళాక, ఇల్పో రికార్డింగుకి అన్నీ సరిచూసుకుంటూ, ఊరికే ఆ పేరు లేని ఛానెల్ తెరిచాడు.

బూడిద రంగు బొమ్మ. పొడుగాటి గది, చెక్క నేల. దాని మీద మనుషుల వరస, కుడి నుంచి ఎడమకి మెల్లగా కదులుతోంది. మగవాళ్ళంతా నల్ల కోటుల్లో, ఆడవాళ్ళంతా గౌనుల్లో ఉన్నారు. తెరకి ఎడమ అంచున ఒక చెయ్యి. మణికట్టు దాకానే కనపడుతుంది, ఆ పైన తెర అయిపోతుంది. వరసలో ముందున్నవాళ్ళు దగ్గరికి వచ్చి ఆ చేతిని పట్టుకుంటారు, అంచు దాటి వెళ్ళిపోతారు. మాటలూ సంగీతమూ ఏవీ లేవు. చెక్క మీద జోళ్ళు ఈడుస్తున్న చప్పుడు మాత్రం వినపడుతోంది.

విందు ప్రసారానికి ముందుగా కెమెరాలు సరిచూసుకుంటున్నారు కాబోలు అనుకున్నాడు ఇల్పో. అంతలో వరస మొదట్లో ఉన్న లావుపాటి ఆవిణ్ణి గుర్తుపట్టి పెద్దగా నవ్వాడు. బేకరీ సైమి. పొద్దునే అతనికి రొట్టె అమ్మిన సైమి. కుచ్చుల గౌనులో బెదురుగా నడిచివచ్చి ఆ చెయ్యి పట్టుకుంది. అంచు దాటింది. ఎప్పుడూ చెప్పలేదే ఈవిడ, ఇంత గొప్ప పిలుపు వచ్చిందని అనుకున్నాడు.

అప్పుడే ఆర్పిన కొవ్వొత్తి వాసన వచ్చింది. ఇంట్లో కొవ్వొత్తి ఏదీ వెలిగించలేదు.

సోమవారం పొద్దున హెల్విని ఔలు తీసుకెళ్ళే టాక్సీ వచ్చింది. చిన్న పెట్టె, అల్లిక సామాను. "రికార్డింగు మరిచిపోయావో, కాళ్ళు విరగ్గొడతాను" అని వేలు చూపించి, కారెక్కింది. కారు మలుపు తిరిగేదాకా ఇల్పో చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు ఎదురుగా బేకరీ ఉన్న భవనం కనపడింది. దాని ముందు జెండా సగం దాకానే ఉంది. ఆ దేశంలో ఏ భవనంలో మనిషి పోతే ఆ భవనం జెండా అలా సగానికి దింపుతారు.

పక్కనే మంచు ఊడుస్తున్న రౌనో పార ఆపి చెప్పాడు. సైమి పోయిందట. రాత్రి నిద్రలోనే.

ఇల్పో పనికి వెళ్ళాడు. గ్రంథాలయంలో రోజంతా ఎవరో పిలుస్తున్నట్టు తలెత్తి చూస్తూనే ఉన్నాడు. సాయంత్రం ఇంటికి వచ్చి, కోటయినా విప్పకుండా, ఆ ఛానెల్ పెట్టాడు. చూడకుండా ఉండాల్సింది. కానీ తప్పెక్కడుందో చూడకుండా ఉండే అలవాటు అతనికి లేదు. వరస కదులుతోంది. ఎవరో ముసలాయన, ఎవరో తెలియనివాళ్ళు, తర్వాత బడిలో పనులు చూసే కలెర్వో. కలెర్వో చెయ్యి పట్టుకునే ముందు అరచెయ్యి కోటుకి తుడుచుకున్నాడు.

మంగళవారం గ్రంథాలయంలో అందరూ అదే మాట. బడి కప్పు మీద మంచు తోస్తూ కలెర్వో జారి పడ్డాడు. అంబులెన్సు వచ్చేసరికే అయిపోయింది.

ఇల్పో సెలవు చెప్పి ఇంటికొచ్చాడు. మూడున్నర అయింది, బయట చీకటి. కంప్యూటర్ ముందు నిలబడి చాలాసేపు మీట మీద వేలు పెట్టలేదు. పెట్టాక, ఈసారి చేతిని కాదు, వరసనే చూశాడు. ముందు నుంచి వెనక్కి, ఒక్కొక్క ముఖమూ.

మధ్యలో ఆ గౌను కనపడింది. బొమ్మంతా బూడిద రంగే, అదొక్కటే ఆకుపచ్చ... నాచు రంగు.

హెల్వి తలవంచి ముందున్నావిడ గౌను అంచు చూస్తోంది. కుట్టు బాగోలేదన్నట్టు మూతి కూడా విరిచింది. అది అక్కే, ఇంకెవరూ కాదు.

ఇల్పో ఛానెల్ ఆపేశాడు. నేల మీదే కూర్చుండిపోయాడు. కొంతసేపటికి లేచి, ఒక్క క్షణం పెట్టి చూశాడు. వరస ఆపినచోటే ఉంది. ఒక ముసలాయన ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంది, అప్పుడే కింద పెడుతున్నాడు. మళ్ళీ ఆపాడు. అంటే ఎవరూ చూడనప్పుడు వరస కదలదు. చూస్తున్నంతసేపే కదులుతుంది.

అక్క ఇంటి తాళంచెవి తీసుకుని కిందికి దిగాడు. ఇల్లు చల్లగా ఉంది. కుట్టుమిషను మీద గుడ్డ కప్పి ఉంది. దీపం వెయ్యకుండానే అలమారా తెరిచాడు. ప్లాస్టిక్ తొడుగు అక్కడే వేలాడుతోంది, జిప్పు పైదాకా వేసి. చేత్తో నొక్కాడు. లోపల ఏమీ లేదు. వట్టి హ్యాంగరు... ఇంకా ఊగుతోంది.

పైకి పరిగెత్తి కార్డు ఊడబెరికాడు. అది వెచ్చగా ఉంది. బిస్కెట్ల రేకు డబ్బాలో పెట్టి, చుట్టూ టేపు వేసి, బాల్కనీలో మంచులో పాతిపెట్టాడు. రికార్డింగు పోతే పోయింది. అక్క తిట్టినా సరే, కాళ్ళు విరగ్గొట్టినా సరే. ఇక ఎవరూ చూడరు, వరస కదలదు, అక్క అక్కడే ఆగిపోతుంది. ఆ రాత్రి పసిపిల్లాడిలా నిద్రపోయాడు.

బుధవారం మధ్యాహ్నం ఔలు నుంచి నర్సు ఫోను చేసింది. ఆపరేషను బాగానే జరిగిందట, గుండె కొట్టుకుంటోందట. కానీ ఆవిడ ఇంకా మేలుకోలేదంది. మేలుకోవాల్సిన వేళ దాటిందంది. కంగారు పడొద్దని ఒకటికి రెండుసార్లు చెప్పింది. అన్నిసార్లు చెప్పేసరికే ఇల్పోకి కంగారు పుట్టింది.

కిటికీలోంచి చూస్తే వీధి పొడుగునా మూడు భవనాల ముందు జెండాలు సగం దాకానే ఉన్నాయి. పొద్దున అలా లేవు.

ఎవరూ చూడడం లేదు కదా అనుకున్నాడు. శనివారం రాసిన ఉత్తరం గుర్తొచ్చింది.

లిస్టు తెరిచాడు. నిన్న రాత్రి నుంచీ జవాబులు కుప్పతెప్పలుగా వచ్చి ఉన్నాయి. అందరూ సంబరంగా రాశారు. సెప్టెంబరు నుంచి మూలపడ్డ పాత కార్డు కూడా నీ అమరికలు పెట్టగానే లేచి కూర్చుంది అని ఒకడు. మిగతా ఛానెళ్ళేవీ రాలేదు గానీ ఆ ఒక్కటి మాత్రం భలే స్పష్టంగా ఉంది అని ఇంకొకడు. ఏదైనా పనిచేస్తోందంటే అది ఎంతకాలం ఆగకుండా పనిచేస్తుందో చూడటం వాళ్ళకి సరదా. డెట్లెఫ్ మంగళవారం రాత్రి పెట్టి వదిలేశాడట. అప్పటి నుంచీ ఆగకుండా నడుస్తోంది, ఒక్క తడబాటు లేదు, శభాష్ ఇల్పో అని రాశాడు.

దయచేసి ఆపండి, ఆ ఛానెల్ చూడకండి, అందులో మా అక్క ఉంది అని ఇల్పో అందరికీ రాశాడు. ఒకరిద్దరు నవ్వుబొమ్మలు పంపారు. తర్వాత డెట్లెఫ్ విడిగా జవాబిచ్చాడు.

"ఆకుపచ్చ గౌనావిడేనా మీ అక్క? ఎంత మంచి మనిషయ్యా. వరస మొదటికి వచ్చేసింది, కానీ చెయ్యి పట్టుకోవడం లేదు. పక్కకి తప్పుకుని, వెనకాలున్నవాళ్ళని ముందు మీరు వెళ్ళండంటోంది. పొద్దుటి నుంచీ అదే పని."

ఇల్పో ఆ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాడు. కిటికీ దగ్గరికి వెళ్ళి జెండాలు చూశాడు. అక్క బతికి ఉన్నందుకు ఏడుపొచ్చింది. ఎందుకు బతికి ఉందో తలుచుకుంటే ఆ ఏడుపు ఆగిపోయింది.

గురువారం స్వాతంత్ర్య దినం. పొద్దున ఎనిమిదింటికి ప్రతి జెండా నిండుగా ఎగిరింది. ఆ రోజు ఎవరింట్లో ఎవరు పోయినా సగానికి దింపరు, రాత్రి ఎనిమిదింటికే అన్నీ ఒకేసారి దించుతారు. పగలంతా అంబులెన్సుల చప్పుడు వినపడుతూనే ఉంది. ఔలుకి వెళ్ళే బస్సులు ఆ రోజు లేవు. నర్సు రెండుసార్లు మాట్లాడింది. హెల్వి నిద్రలో ఏదో గొణుగుతోందట. ఏమంటోందని అడిగితే, నాకు తొందర లేదు, నాకు తొందర లేదు, అదే మాట అంది నర్సు.

ఆరింటికి ఇల్పో కిటికీలో రెండు కొవ్వొత్తులు వెలిగించాడు. అందరి కిటికీల్లోనూ వెలుగుతాయి ఆ వేళకి. ఒంటరిగా ఉంటాడని రౌనో కాఫీ, ఏలకుల రొట్టె పట్టుకుని వచ్చాడు. రాగానే మంచు బూట్లు గుమ్మం దగ్గర విప్పి, టీవీ ఏదిరా, విందు పెట్టవేం అని అడగబోయి, ఇల్పో ముఖం చూసి ఆగిపోయాడు. ఇల్పో అతనికి అన్నీ చెప్పేశాడు. రౌనో ఈసారి ఏడిపించలేదు.

"వారంలో ఇంతమంది పోవడం నేనెప్పుడూ చూళ్ళేదురా" అన్నాడు మెల్లగా. "మన మెట్ల వైపు ఇళ్ళలోనే ఇద్దరు."

డెట్లెఫ్ దగ్గర్నుంచి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. మాట తీరు మారిపోయింది. పొద్దున వరసలో అతను తన వదినని చూశాడు. వెంటనే ఆపబోయాడు. ఆగలేదు. కార్డు పీకేశాడు, బొమ్మ పోలేదు. కరెంటు తీగ లాగేశాడు, బొమ్మ పోలేదు. పక్క గదిలో ఇంకో కంప్యూటర్ నుంచి రాస్తున్నానన్నాడు. తలుపు వేసి ఉన్నా జోళ్ళ చప్పుడు వినపడుతోందన్నాడు.

ఏడున్నరకి ఇంకో ఉత్తరం. "మా వదినని కూడా మీ అక్క ముందుకి పంపించేసింది. ఇప్పుడు వరస చాలా వేగంగా పోతోంది... వెనక ఎక్కువమంది లేరు."

రౌనో కాఫీ కప్పు పట్టుకునే ఉన్నాడు, తాగలేదు. కొవ్వొత్తులు సగానికి వచ్చాయి. ఇల్పో ఫోనుని తెర పక్కనే పెట్టుకుని కూర్చున్నాడు. ఔలు నుంచి కబురు లేదు.

ఎనిమిది కావస్తోంది. జెండా దించాలి, వెళ్ళొస్తా అని రౌనో లేచి గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని ఒక బూటు తొడిగాడు. అప్పుడు చివరి ఉత్తరం వచ్చింది. ఇల్పో పెదాలు కదిలిస్తూ చదివాడు.

"ఇంక మీ అక్క, ఆవిడ వెనక ఒకే ఒక్క మనిషి మిగిలారు. పొడుగ్గా ఉన్నాడు. కళ్ళద్దాల కాడకి నల్ల టేపు. అందరినీ పంపించిన మనిషి ఇతన్ని మాత్రం పోనివ్వడం లేదు, ఇల్పో. దారికి అడ్డంగా నిలబడింది. అతని కోటు చెయ్యి గట్టిగా పట్టుకుని వెనక్కి తోస్తోంది. అతనూ ఊరుకోవడం లేదు. ముందు నేనెళ్తా అన్నట్టు ఆవిణ్ణి దాటబోతున్నాడు. ఆ చెయ్యి మాత్రం అలాగే చాచి ఉంది..."

ఇల్పో తన కుడి చేతి వైపు చూసుకున్నాడు. చొక్కా గుడ్డ మోచేతి దగ్గర ముడతలు పడి ఉంది, ఎవరో గుప్పిట్లో బిగించి పట్టుకున్నట్టు.

"అక్కా, వదులు" అన్నాడు గుసగుసగా. "వదిలెయ్ అక్కా. నన్ను వెళ్ళనీ."

ముడతలు ఇంకా బిగిశాయి.

ఊరి గడియారం ఎనిమిది కొట్టడం మొదలుపెట్టింది. కిటికీలో రెండు కొవ్వొత్తుల మధ్య, ముంగిట్లో దీపం కింద, తెల్లటి జెండా, దాని మీద నీలి శిలువ, మెల్లగా కిందికి దిగడం కనపడింది. సగం దాకా దిగి ఆగిపోయింది.

గుమ్మం దగ్గర రౌనో రెండో బూటు చేత్తో పట్టుకుని అటే చూస్తున్నాడు.

"నేనింకా కిందికి వెళ్ళనే లేదు కదరా" అన్నాడు.